పాల్ మౌజర్: యుద్ధపు తుపాకి వేట తుపాకిగా మారిన కథ

జర్మనీ నైరుతి భాగంలో నెకార్ నది ఒడ్డున ఓబెర్న్‌డోర్ఫ్ అనే చిన్న పట్టణం ఉన్నది. పూర్వం అది వుర్టెంబర్గ్ రాజ్యంలోనిది. అక్కడి ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో పనిచేసే ఒక తుపాకుల పనివానికి పదమూడవ సంతానంగా 1838 జూన్ 27న పాల్ మౌజర్ జన్మించారు. ప్రాథమిక విద్య ముగిసిన తరువాత ఆయన కూడా తండ్రి పనిచేసే చోటనే చేరి ఆకురాయి చేతబట్టారు.

1859లో సైనిక సేవకు ఎంపికై లుడ్విగ్స్‌బర్గ్ ఆయుధాగారానికి వెళ్లారు. ఆనాడు ప్రష్యా సైన్యంలో సూది తుపాకి వాడుకలో ఉండేది. పేల్చినప్పుడు దాని వెనుక భాగం నుండి వేడి వాయువు ఎగజిమ్మేది. గుండు వేసిన ప్రతిసారీ సూదిని చేతితో వెనక్కి లాగి సిద్ధం చేయవలసి వచ్చేది. బోల్టు పిడిని తిప్పడంతోనే తుపాకి పేలడానికి సిద్ధమయ్యే ఏర్పాటును పాల్ రూపొందించారు. అన్న విల్హెల్మ్‌కు మాటకారితనం, వ్యవహారజ్ఞానం ఉండేవి. తమ్ముడు పనిముట్ల వద్ద, అన్న అధికారుల గుమ్మాల వద్ద శ్రమించారు.

సొంత రాజ్యంలో ఆదరణ దొరకనందున సోదరులు 1867లో అమెరికా తుపాకుల వ్యాపారి ప్రతినిధి నోరిస్‌తో ఒప్పందం చేసుకొని బెల్జియంలోని లీజ్ నగరానికి వెళ్లారు. కొంతకాలానికి ఆ ఒప్పందం చెడి డబ్బు ఆగిపోయింది. పాల్ ఇంటికి తిరిగివచ్చారు, కాని పని మానలేదు. చివరకు 1871లో ప్రష్యా ఆయన తుపాకిని స్వీకరించింది. తయారీ మాత్రం ప్రభుత్వ కర్మాగారాలకే దక్కింది. కనిపెట్టిన వారికి మొదట గురి చూసే భాగాల తయారీ మాత్రమే మిగిలింది. 1873లో వారి కర్మశాల అగ్నికి ఆహుతి కాగా, మళ్లీ కట్టుకున్నారు. మరుసటి సంవత్సరం ఒక బ్యాంకు తోడ్పాటుతో, తండ్రి కూలికి పనిచేసిన ప్రభుత్వ కర్మాగారాన్నే కొన్నారు. 1882లో విల్హెల్మ్ మరణించారు.

ఆ తరువాత పాల్ తన నమూనాలను ఒక్కొక్కటిగా మెరుగుపరచారు. 1889లో బెల్జియానికి, 1893లో స్పెయిన్‌కు కొత్త నమూనాలు రూపొందాయి. 1898లో జర్మన్ సైన్యం స్వీకరించిన నమూనా ఆయన జీవితకృషికి శిఖరం. బోల్టు ముందు భాగంలో రెండు బలమైన పట్టుకొమ్ములు, అవి విఫలమైనా బోల్టును ఆపడానికి వెనుక మూడవ కొమ్ము, తూటా గుల్ల పగిలితే వాయువును పక్కకు మళ్లించే రంధ్రాలు, తూటాను చివరి వరకు పట్టి ఉంచే పొడవాటి కొక్కెం దానిలో ఉన్నాయి. అమెరికా తన 1903 నమూనాలో ఆయన పద్ధతులను వాడుకొని రెండు లక్షల డాలర్లు రాయల్టీగా చెల్లించింది.

ఇంతటి జాగ్రత్తపరునికీ ప్రమాదం తప్పలేదు. తనంతట తాను గుండు నింపుకొనే ప్రయోగాత్మక తుపాకిని పరీక్షిస్తుండగా 1901లో ఒక కన్ను పోయింది. అయినా ఆయన పనిమాని కూర్చోలేదు. 1912లో రాజు ఆయనకు కులీన బిరుదు ప్రసాదించాడు. 1914 మే 29న ఓబెర్న్‌డోర్ఫ్‌లోనే కన్నుమూశారు. రెండు నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. లక్షలాది యువకుల చేతులలో ఆయన తుపాకి ఏమి చేసిందో చూసే అవసరం ఆయనకు కలగలేదు.

యుద్ధాలు ముగిశాక మిగిలిన తుపాకులకు మరో జన్మ లభించింది. ముఖ్యంగా 1945 తరువాత అమెరికాలో పాత సైనిక మౌజర్లు చవకగా అమ్ముడయ్యాయి. అక్కడి ఔత్సాహికులు ఇంటి కొట్టంలోనే పొడవాటి కొయ్యను తీసివేసి వాల్‌నట్ చెక్కతో కొత్త దిమ్మె చెక్కేవారు. దుర్భిణికి అడ్డురాకుండా బోల్టు పిడిని వంచి, కొత్త గొట్టం బిగించి వేట తుపాకిగా మలిచేవారు. పనితెలిసినవారి చేతిలో అవి అందమైన వస్తువులయ్యాయి. కాని ఆ ఇనుముకు గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. తెలియక ఆ పొరను అరగదీసినా, 1893 నాటి పాత నమూనాకు అధిక ఒత్తిడి గల తూటా అమర్చినా ప్రాణాపాయమే. తయారు చేసినవానికే కన్ను పోయిన విద్యలో తొందరపాటుకు చోటు లేదు. మరోవైపు, నాడు కోసిపారేసిన అసలు తుపాకుల వంటివి చెక్కుచెదరకుండా ఉంటే నేడు సేకర్తలు ఎక్కువ ధర ఇస్తున్నారు.

మన దేశంలోనూ మౌజర్ జాడలున్నాయి. 1907లో కుమావూ కొండలలో చంపావత్ నరభక్షక పులిని చంపిన జిమ్ కార్బెట్‌కు ప్రభుత్వం తరఫున బహూకరించిన రైఫిల్, లండన్‌కు చెందిన రిగ్బీ సంస్థ మౌజర్ యంత్రాంగంపై కట్టిన వేట తుపాకియే. 1915 సెప్టెంబరులో ఒడిశాలోని బాలాసోర్ వద్ద బాఘా జతిన్, ఆయన సహచరులు పోలీసులను ఎదిరించినది మౌజర్ పిస్తోళ్లతోనే.

అడవి అంచు పల్లెలలో పందుల బెడద పేరిట నాటు తుపాకులు చేయించుకొనేవారు ఈ జీవితం నుండి ఒకటి గ్రహించాలి. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకిని తయారు చేయడం గాని, మార్చడం గాని నేరం. 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది. చట్టం సంగతి అటుంచినా, మౌజర్ అర్ధశతాబ్దం పాటు సాధించడానికి పాటుపడినది ఒక్కటే: పేలుడు ముందుకే పోవాలి, పట్టుకున్నవాని ముఖం మీదికి రాకూడదు. నీటి పైపుతో చేసిన గొట్టంలో ఆ భద్రత ఎక్కడిది? దాని మూల్యం చెల్లించేది ఇంటిల్లిపాది.