అమ్మ అడిగిన ప్రశ్న



పింఛను ఇచ్చే రోజు వచ్చిందంటే మా చొప్పదండిలో ముసలివాళ్ళకు తొందరగా తెల్లవారుతుంది. చేతికర్ర ఊతంతో వచ్చి, వరుసలో కూర్చొని, వేలిముద్ర వేసి, అందిన నోట్లను కొంగున ముడి వేసుకొని వెళ్ళే తల్లులను ఎన్నో ఏండ్లుగా చూస్తున్నాను. వారిలో కొందరి కొడుకులు బొంబాయిలోనో, దుబాయిలోనో ఉన్నారు. ఈ పింఛను తెలుగునాట ఎవరి చలవో వారికి తెలియదు. మనలోనూ చాలామందికి తెలియదు. ఆ మనిషి దామోదరం సంజీవయ్య.

1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెదపాడులో, భూమి లేని ఒక దళిత కుటుంబంలో ఆయన జన్మించారు. పసితనంలోనే తండ్రి మునయ్య చనిపోయారు. తల్లి సుంకులమ్మ కష్టంతో, బంధువుల ఆదరణతో పెరిగారు. కర్నూలులో, అనంతపురంలో చదివి, మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యులయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీ మంత్రివర్గంలో పనిచేశారు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన వయస్సు 38 ఏండ్లే. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయన. మన కరీంనగరం జిల్లా కూడా అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే.

ఆ రోజుల సంగతి ఒకటి ఇప్పటికీ చెప్పుకుంటారు. ముఖ్యమంత్రి అయిన కొడుకు తల్లిని చూడటానికి ఊరికి వెళ్ళాడట. ఆమె ఎప్పటిలాగే కట్టెల పొయ్యి ముందు కూర్చొని వంట చేసుకుంటున్నదట. ఖర్చులకు ఉంచుకోమని కొడుకు కొంత డబ్బు చేతిలో పెట్టాడట. తనకైతే కొడుకు ఉన్నాడు, ఇస్తున్నాడు; ఇచ్చే కొడుకు లేని తల్లుల గతి ఏమిటని ఆమె అడిగిందట. ఆ ప్రశ్నే ఆయనను నిద్రపోనివ్వలేదంటారు.

ఆయన పాలనలోనే రాష్ట్రంలో ఆదరువు లేని వృద్ధులకు పింఛను మొదలైంది. మొత్తం చిన్నదే. ఆలోచన మాత్రం పెద్దది. అంతవరకు పింఛను అంటే సర్కారు కొలువు చేసి దిగినవారికి దక్కేది. నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసి నడుము వంగిన కూలి మనిషికి ఒంట్లో సత్తువ పోయిన రోజే కూలీ ఆగిపోయేది. ముసలితనంలో ప్రజలకు తన శక్తికొద్దీ సాయం చేయాలని మన రాజ్యాంగం 41వ అధికరణంలో ప్రభుత్వాన్ని ఆదేశించింది. కాగితం మీది ఆ మాట పేదవాని గుడిసె దాకా నడవడం ఇలా మొదలైంది.

1962 మార్చిలో ఆయన ముఖ్యమంత్రి పదవి నుండి దిగిపోయారు. తరువాత కాంగ్రెసు అధ్యక్షులుగా, కేంద్ర కార్మిక మంత్రిగా పనిచేసి, 1972 మే నెలలో 51 ఏండ్లకే ఢిల్లీలో కన్నుమూశారు. తాను నిలబెట్టిన పింఛను తీసుకునే వయస్సు ఆయనకు రానేలేదు.

ఆయన వేసిన మొక్క ఎదిగింది. 1995 ఆగస్టు 15న కేంద్రం నెలకు 75 రూపాయలతో జాతీయ వృద్ధాప్య పింఛను ప్రారంభించింది. 2014లో తెలంగాణ ఆసరా పేరుతో 1000 రూపాయలు, 2019లో 2016 రూపాయలు చేసింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల పైచిలుకు.

ఈ డబ్బు వృథా ఖర్చు అనేవారు ఇప్పటికీ ఉన్నారు. పండితులు లెక్క తీసి చూశారు. 1990లలో దక్షిణాఫ్రికాలో వృద్ధాప్య పింఛను బాగా పెరిగింది. దాని ఫలితాలను ఎస్తేర్ డుఫ్లో అనే ఆర్థికవేత్త పరిశీలించారు. పింఛను అవ్వ చేతికి అందిన ఇండ్లలో మనుమరాళ్ళ ఎత్తు, బరువు మెరుగయ్యాయి. తాత చేతికి అందిన ఇండ్లలో అంత మార్పు కనబడలేదు. అవ్వ కొంగుముడి మనుమరాలి కంచంలో విప్పుకుంటుందన్నమాట.

కాని ఆ ముడి ఆమె చేతిలో ఉండాలి గదా! ఒక సంవత్సరం గుడి మరమ్మతుకు చందా రాయిస్తూ, పింఛను వస్తున్నదిగదా అని ఒక ముసలి తల్లి పేరు కూడా చదివాను. పూజ అయిన తరువాత ఆమె నా దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా ఖాళీ కొంగు చూపించింది. వచ్చిన రోజే కొడుకు పట్టుకుపోయాడు. ప్రతి ఆదివారం పూజకు వచ్చే కొడుకే. అతని కంటే ముందు నేనే సిగ్గుపడ్డాను. నెలనెలా ఆమె ఏమి తింటున్నదని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

తల్లిదండ్రులను గౌరవించమనే నాలుగవ ఆజ్ఞను మనం బాల్యంలోనే కంఠస్థం చేశాము. ప్రభుత్వం బియ్యానికీ మందులకూ నాలుగు రూపాయలు ఇవ్వగలదు. పక్కన కూర్చొని తిన్నావా అని అడగడం దాని చేతకాదు. అది మన పని. సుంకులమ్మ ఇచ్చే కొడుకు లేని తల్లుల కోసం అడిగింది. కొడుకులుండీ ఖాళీ కొంగుతో కూర్చున్న తల్లుల కోసం మనలను ఎవరు అడగాలి? ఈ నెల పింఛను రోజున మీ ఇంటి అవ్వను మీరే తోడ్కొని వెళ్ళండి. ఆమె డబ్బు ఆమె కొంగునే ఉండనివ్వండి.