బఠాణీ పాదుల మధ్య ఒక గురువు



మీ ఇంట్లోనో, మీ బంధువుల ఇంట్లోనో పరిశోధన చేసే పిల్లలుంటే వారి అవస్థ మీకు తెలిసే ఉంటుంది. వైద్యంలో గాని, మనస్తత్వశాస్త్రంలో గాని ఈనాడు పరిశోధకుని విలువ కట్టేది ముఖ్యంగా రెండు లెక్కలతో. ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయి? వాటిని ఇతరులు తమ వ్యాసాలలో ఎన్నిసార్లు పేర్కొన్నారు? 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ రెంటినీ కలిపి ఒకే అంకె చేశాడు. కనీసం ఐదేసిసార్లు పేర్కొనబడిన వ్యాసాలు ఐదు ఉంటే, అంకె ఐదు. ఈ తక్కెడలో ఒక కతోలిక గురువును తూచి చూడండి. ఆయన గ్రెగర్ మెండెల్.

1822లో నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో, ఇప్పటి చెక్ దేశంలో, ఒక పల్లెటూరి రైతు ఇంట జన్మించారు. చదువుకు డబ్బు చాలనప్పుడు చెల్లెలు తెరేసా తన కట్నంలో కొంత ఇచ్చి అన్నను ఆదుకుంది. ఆయన ఆ రుణం మరువలేదు. తరువాత ఆమె కొడుకులను చదివించారు. వారిలో ఇద్దరు వైద్యులయ్యారు.

1843లో బర్నో పట్టణంలోని పునీత తోమాసు మఠంలో, అగుస్తీను సభలో చేరారు. 1847లో గురుపట్టం పొందారు. విచారణ పనికి పంపితే రోగుల బాధ చూడలేక తానే మంచం పట్టారు. మఠాధిపతి నాప్ గారు ఆయనను ఆ పని నుండి తప్పించి, బడిలో పాఠాలు చెప్పడానికి పంపారు. ఇటువంటి పెద్దలు దొరకడం వరమే! ఉపాధ్యాయ పరీక్షలో 1850లో తప్పారు. వియన్నాలో చదివి వచ్చి, 1856లో మళ్ళీ కూర్చున్నా గట్టెక్కలేదు.

ఆ ఏడాదే మఠం తోటలో బఠాణీలపై పని మొదలుపెట్టారు. 1863 వరకు దాదాపు 28,000 మొక్కలు. గుండ్రని గింజల జాతిని, ముడతల గింజల జాతిని కలిపితే మొదటి తరంలో అన్నీ గుండ్రనివే. ముడత పోయిందనుకుంటాం. తరువాతి తరంలో 7,324 గింజలు లెక్కపెడితే 5,474 గుండ్రనివి, 1,850 ముడతవి! మూడుకు ఒకటి. అంటే ప్రతి లక్షణానికీ తల్లి నుండి ఒక పాలు, తండ్రి నుండి ఒక పాలు వస్తుంది. ఒకటి దాగి ఉండవచ్చు గాని నశించదు.

1865లో బర్నోలోని ప్రకృతిశాస్త్ర సంఘంలో రెండు సాయంకాలాలు ఈ సంగతి చదివి వినిపించారు. 1866లో అది అచ్చయింది. 40 ప్రతులు విడిగా తీయించారు. మ్యూనిక్ పండితుడు నేగెలీకి ఒకటి పంపితే, ఆయన ఉత్తరాలు రాశాడే గాని సారం గ్రహించలేదు. 1868లో మెండెల్ మఠాధిపతి అయ్యారు. మఠాల ఆస్తిపై ప్రభుత్వం వేసిన పన్నుతో పోరాటంలోనే శేషజీవితం చాలావరకు గడిచింది. 1884 జనవరి 6న, ముగ్గురు రాజుల పండుగనాడు, కన్నుమూశారు. ఊరివారు తమ మఠాధిపతిని సాగనంపారు, శాస్త్రజ్ఞుడిని కాదు. ఆయన కాగితాలు చాలావరకు తగులబెట్టేశారు.

1900లో డి వ్రీస్, కొరెన్స్, చెర్మాక్ వేరువేరుగా అవే సంగతులు వెలువరించినప్పుడు గాని లోకం ఆయనవైపు చూడలేదు. అంతవరకు ఆ వ్యాసాన్ని పేర్కొన్నవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. వంశపారంపర్యంపై ఆయన అచ్చువేయించినవి రెండే వ్యాసాలు. కాబట్టి వాటిని లోకమంతా లక్షసార్లు పేర్కొన్నా, హిర్ష్ లెక్కలో ఆ రెంటితో వచ్చే అంకె రెండు దాటదు!

మన ఇళ్ళకు దాని ఫలితం వేరే దారిన వచ్చింది. 1902లో లండన్ వైద్యుడు గారడ్, మూత్రం నల్లబడే ఒక అరుదైన జబ్బును పరిశీలిస్తూ, ఆ పిల్లల తల్లిదండ్రులలో చాలామంది దగ్గరి చుట్టాలని గమనించి, మెండెల్ లెక్కతో దానిని వివరించాడు. తలసీమియా, సికిల్ సెల్ జబ్బులు వచ్చేదీ ఇలాగే. ఇద్దరూ ఆరోగ్యవంతులే, దాగిన పాలు మాత్రం ఇద్దరిలోనూ ఉంటుంది. అయినా బిడ్డకు జబ్బు చేస్తే కోడలినే అనే అత్తలు, ఏ పాపఫలమో అనే ఇరుగుపొరుగు మన విచారణల్లోనూ ఉన్నారు. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిందీ అదే, ప్రభువు కాదన్నారు.

మేనరికానికి శ్రీసభ చట్టం ప్రకారం మినహాయింపు కావాలి. దానికోసం మీ విచారణ గురువు వద్దకు వచ్చేముందు, అమ్మాయికీ అబ్బాయికీ ఇద్దరికీ రక్తపరీక్ష చేయించండి.