శ్రీ సూరి భగవంతముగారి జీవితము

పొందూరు బిడ్డలకు నూలు వడకుటను గూర్చి వేరుగ చెప్పవలసిన పనిలేదు. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, పొట్టి పీచులను పెనవైచి, నిడుపైన సన్నని దారము తీయుట వారు పసినాటినుండి చూచుచునే యుందురు. ఆ పత్తి పీచును ఇంకను లోతుగ పరికింపగల కన్నులున్నచో అందును ఇట్టి కూర్పే కానవచ్చును. గ్లూకోజు అణువులు వేలకొలది ఒకదానికొకటి తగులుకొని సెల్యులోజు అను గొలుసుగ నేర్పడినవి. చిన్న అణువులు ఇట్లు పెద్ద గొలుసులగుటకు రసాయనజ్ఞులు పాలిమరీకరణమని పేరిడిరి. పత్తి మొక్క దీనిని సద్దు చేయక సాగించును. మనుష్యులు కర్మాగారములలో సాగింతురు. కాని మూసిన పాత్రలో ఎన్ని అణువులు కలిసినవో, ఎన్ని మిగిలినవో మూత తీయకుండ తెలిసికొనుటెట్లు? అణువుల కంపనములను చదువవలెను. అట్టి చదువునకు కావలసిన లెక్కలను మనదేశమున పెంపొందించిన ఒక తెలుగువాని జీవితమును మేమిచట చెప్పబూనితిమి.

శ్రీ సూరి భగవంతముగారు 1909వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీని కృష్ణా మండలములోని ఆగిరిపల్లిలో జన్మించిరి. గుడివాడలో చదివి, పిమ్మట హైదరాబాదు నిజాం కళాశాలలో భౌతికశాస్త్రమును ప్రధానముగ గైకొని పట్టభద్రులైరి. ఆ దినములలో చదివిన యువకునకు సర్కారు కొలువే కన్నవారి కోరికగ నుండెడిది. భగవంతముగారు 1928లో కలకత్తాకు పోయిరి. ఆ యేడు ఫిబ్రవరిలోనే శ్రీ చంద్రశేఖర వేంకట రామనుగారు అచట తమ ప్రసిద్ధ ఫలితమును కనుగొనియుండిరి. పందొమ్మిదేండ్ల ప్రాయమున ఆయన ఆ ప్రయోగశాలలో అడుగిడుట మహాభాగ్యమే. కాని భాగ్యము వెదకుకొని పోయినవానికే దొరకినదని మా తలంపు. 1931లో గురుశిష్యులిద్దరును కలిసి, వెలుగు కణమునకు తనదైన భ్రమణము గలదని ప్రయోగముచే చూపిన వ్యాసమును ప్రకటించిరి. అప్పటికి శిష్యునకు ఇరువదిరెండేండ్లైనను నిండలేదు.

1932లో ఆయన వాల్తేరునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయులైరి. పొందూరులో రైలెక్కినవాడు కొన్ని గంటలలో చేరగల చోటది. ఆయన జీవితములో మాకు మిక్కిలి ప్రీతికరమైన భాగమిదియే గనుక ఇచట కొంచెము నిలిచెదము.

అణువులోని పరమాణువులు కదలక యుండవు. తీగకు బిగించిన గుండ్లవలె అవి సాగుచు, వంగుచు కంపించును. ఈ కంపనములను తెలిసికొన రెండు దారులు గలవు. మొదటిది పరారుణ కిరణములు. 1800లో విలియం హెర్షెల్ అను ఖగోళజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముచే విడదీసి, ఎఱుపునకు ఆవల వెలుగు కానరానిచోట ఉష్ణమాపకమునుంచి, అచట వేడిమి ఎక్కువగుట కనుగొనెను. అణువు తన కంపనమునకు సరిపడు పరారుణ కిరణమును మ్రింగును. రెండవది రామనుగారి దారి: కంటికి కనబడు వెలుగునే అణువులపై ప్రసరింపజేసి, చెదరివచ్చిన వెలుగులో రంగు ఎంత మారినదో చూచుట. ఆ కాలమున పరారుణ పరికరములు అరుదు, వెల అధికము. రామను పద్ధతికి పాదరస దీపము, వర్ణపటలేఖిని, ఛాయాఫలకము, వీనితోపాటు ఓర్పు చాలును. మన విద్వాంసులు ఆ దారినే ఎక్కువగ నడచుటకు పేదరికము కూడ ఒక కారణమని మేము తలచుచున్నాము.

అన్ని కంపనములును రెండు దారులలో కనబడవు. ఇథిలీను అణువునందు రెండు కర్బనముల నడుమ జంటబంధము సాగునపుడు ఇరువైపులు సరిసమానముగ నుండుటచే విద్యుత్తు తూకము చెదరదు. కనుక పరారుణమునకు ఆ కంపనము అగపడదు. రామను పటములో స్పష్టముగ నగపడును. ఏది ఎచట కనబడునో ప్రయోగము చేయకమునుపే సౌష్ఠవమునుబట్టి చెప్పునది సమూహ సిద్ధాంతము. ఐరోపాలో మొలకెత్తిన ఈ విద్యను భగవంతముగారు గణితజ్ఞులైన శ్రీ టి. వేంకటరాయుడుగారితో కలిసి, ఒకే అమరిక మరల మరల వచ్చు స్ఫటికములకు 1939లో అన్వయించిరి. పాలిమరు గొలుసులోను ఒకే ముక్క మరల మరల వచ్చును గదా! అందుచే ఇట్టి ఆలోచనయే గొలుసులకును ఉపయోగపడినది.

ఇపుడు మూసిన పాత్ర యొద్దకు వత్తము. స్టైరీను ద్రవము పాలిస్టైరీనుగ మారునపుడు దాని జంటబంధము విడివడి ప్రక్క అణువును పట్టుకొనును. స్టైరీను ఇథిలీనువలె సరిసమానము కాదు గనుక ఆ బంధపు గుర్తు పరారుణ పటములో సెంటీమీటరునకు సుమారు 1630 తరంగములచోట కనబడును. గొలుసు పెరిగినకొలది అది క్షీణించును. బెంజీను వలయపు గుర్తు నిలిచియుండును. మారని దానితో మారుదానిని సరిపోల్చిన, ఎంత పాలు గొలుసులైనదో లెక్క తేలును. పాలీయురెథేను నురుగు తయారుచేయువారు ఇట్లే 2270 తరంగముల దాపున నుండు ఐసోసయనేటు గుర్తు మాయమగుటను కనిపెట్టియుందురు. అది మిగిలియుండగ పని ముగిసినదనుకొన్నచో సరకు చెడును. ఆ వస్తువు ఊపిరికి కీడుచేయునది గూడ.

1940లో ఆయన వెలుగు చెదరుటను గూర్చియు రామను ఫలితమును గూర్చియు ఒక గ్రంథము ప్రకటించిరి. 1942లో విశాఖపట్టణముపై జపాను బాంబులు పడినవి. విశ్వవిద్యాలయము కొన్నియేండ్లు గుంటూరునకు తరలిపోయినది. అట్టి కాలము గడచి, వేంకటరాయుడుగారితో కలిసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథము 1948లో వాల్తేరునుండి వెలువడెను. లండనులోనో బెర్లినులోనో గాక మన తీరమున అచ్చైన పుస్తకమది.

తరువాతి చరిత్ర పదవుల చరిత్ర. 1952 మొదలు 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగను, 1957 మొదలు 1962 వరకు బెంగుళూరు భారత విజ్ఞాన మందిరమునకు డైరెక్టరుగను ఉండిరి. ఆ పీఠముపై 1933 మొదలు 1937 వరకు గురువైన రామనుగారు కూర్చుండిరి. 1961 మొదలు 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారులైరి. ఇన్ని కొలువులు దేశమునకు మేలు చేసియుండవచ్చును. అయినను, కార్యాలయపు కాగితములు మ్రింగిన ఆ యేండ్లు ప్రయోగశాలకు దక్కియుండిన ఏమి జరిగియుండెడిదోయని మాకు చింత కలుగకపోదు. 1966లో స్ఫటిక సౌష్ఠవమును గూర్చి మరియొక గ్రంథము ప్రకటించుటచే ఆయన ఆ విద్యను విడువలేదని తెలియుచున్నది.

1989వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీని భగవంతముగారు దివంగతులైరి. అప్పటికి పరారుణ పరికరములకు గణనయంత్రములు తోడై, ఒకప్పుడు గంటలకొలది పట్టిన పటము క్షణములలో తయారగుచుండెను.