శ్రీశైలం మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డి

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన సంఘం కార్యదర్శి గారు కోరినారు. గాంధీగారిని గురించి, కందుకూరి వారిని గురించి వ్రాయగలిగిన పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను అడవిశాఖలో గుమాస్తాగా చేరి, ముప్పై అయిదేండ్లు ఫైళ్ళు మోసి రిటైరైనవాడను. ఆ ఫైళ్ళలో ఏటేటా నా చేతి మీదుగా పోయిన ఒక పని ఉన్నది. ఆ పనికి మన ప్రాంతంలో మూలపురుషుడు ఎవరని వెదికితే ఆరువందల డెబ్బై ఏండ్లు దాటి వెనక్కి పోవలసి వచ్చినది. ఆయనే ప్రోలయ వేమారెడ్డి.

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును పట్టుకున్నవి. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోతూ దారిలోనే కన్నుమూసినాడు. కాకతీయుల రాజ్యం కూలిపోయింది. ఊళ్ళకు రక్షణ లేదు, గుళ్ళలో దీపం లేదు, అగ్రహారాలు చేతులు మారినవి. అట్టి సమయంలో ముసునూరి ప్రోలయ నాయకుడు, ఆ తరువాత కాపయ నాయకుడు తెలుగు నాయకులను కూడగట్టినారు. వారితో చేయి కలిపినవారిలో పంటరెడ్ల కుటుంబానికి చెందిన వేమారెడ్డి ఒకడు. తండ్రి పేరు ప్రోలయ కనుక ప్రోలయ వేముడని పేరు వచ్చినది. 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా ఆయన పాలన మొదలైనది. 1336లో కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి గెలుచుకున్నాడు. ఇటు తీరదేశంలో వేమారెడ్డి తన రాజ్యాన్ని గట్టిచేసుకున్నాడు. తమ్ముడు మల్లారెడ్డి సేనాపతిగా నిలిచి మోటుపల్లి రేవును వశం చేసుకోగా, సముద్ర వర్తకం మళ్ళీ సాగింది. ఆ రాజ్యమే తరువాత కొండవీటి రాజ్యమని ప్రసిద్ధికెక్కినది. రాజధానిని కొండవీటికి మార్చినవాడు ఆయన పెద్దకుమారుడు అనవోతారెడ్డి. 1424 వరకు, అంటే సుమారు నూరేండ్లు ఆ వంశం ఏలింది.

వేమారెడ్డి దానశీలి. పోయిన అగ్రహారాలను తిరిగి ఇప్పించినాడు. హేమాద్రి చెప్పిన దానాలన్నీ చేసినాడని ప్రసిద్ధి. ఎర్రాప్రెగడ ఆయన ఆస్థానంలోనే ఉండి హరివంశాన్ని ఆయనకు అంకితమిచ్చినాడు. మహాభారతంలో అరణ్యపర్వశేషాన్ని పూర్తిచేసిన ఆ మహాకవికి నీడ ఇచ్చిన చేయి ఇదే. పిల్లలకు పాఠ్యపుస్తకాలలో చెప్పేది ఇంతవరకే.

మన రాయలసీమవారికి ఆయన చేసిన మేలు వేరే ఉన్నది. శ్రీశైలానికి, అహోబిలానికి నల్లమల కొండలెక్కే భక్తుల కొరకు ఆయన రాతిమెట్లు కట్టించినాడు. శాసనాలు ఆయన బిరుదులలో ఈ మెట్లను ప్రత్యేకంగా చెబుతున్నవి. గెలిచిన యుద్ధాల సరసన మెట్లకు కూడా చోటు దొరికిందంటే, ఆనాటి ప్రజలు ఆ పనిని ఎంత గొప్పగా తలచినారో తెలియుచున్నది.

ఎందుకంటే అప్పుడు శ్రీశైలానికి బండ్లబాట లేదు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన మన కడప సీమలోని సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం అని నాలుగు ద్వారాలు చెబుతారు. ఏ ద్వారం నుంచి వచ్చినా చివరకు అడవిలో కాలినడకే గతి. పులులు, వాగులు, దప్పిక, దొంగల భయం, పైన నిటారు కొండ. దారి చూపేవారు చెంచులు. శ్రీశైలం ఒక శైవక్షేత్రం, అహోబిలం ఒక నృసింహక్షేత్రం. రెండింటికీ ఒకే రాజు మెట్లు వేయించినాడు. ఈ సంగతి గమనించదగినది.

మెట్టు వేయడమంటే ఏమిటో ఆఫీసు కుర్చీలో కూర్చున్నవారికి తెలియదు. నాకూ మొదట తెలియలేదు. నల్లమలలో కొండవాలు పలకరాయి, గులకరాయి, పైన పలుచని మన్ను. వానాకాలంలో నీరు మనిషి నడిచిన దారినే పట్టుకొని దిగుతుంది. రెండు వానలకు బాట కాలువ అవుతుంది. అందుకని వాలుకు అడ్డంగా పెద్ద బండను లోనికి దింపి, వెనుక చిన్న రాళ్ళు దట్టించి, నీరు పక్కకు పోవునట్లు కొంచెం వాలు ఇవ్వాలి. బండ సగానికి పైగా మట్టిలో ఉంటేనే వేలమంది అడుగుల కింద కదలకుండా నిలుస్తుంది. అయినా పని అక్కడితో తీరదు. ఏటేటా చెట్టు వేరు ఒక బండను ఎత్తుతుంది, వాగు ఇంకొకదానిని దొర్లిస్తుంది. వానలు పోయినాక బోద నిలువెత్తు పెరిగి దారినే మూసేస్తుంది. కనుక కట్టడం ఒకసారి, కాపాడడం ఏడేడు తరాలు. వేమారెడ్డి తరువాత ఆయన రెండవ కుమారుడు అనవేమారెడ్డి 1377లో శ్రీశైలంలో వీరశిరోమండపం కట్టించినాడు. 14వ శతాబ్దం చివరలో విజయనగర రాజు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు వేయించింది. 1677లో శ్రీశైలం వచ్చిన ఛత్రపతి శివాజీ వంటివారైనా, నిన్న మొన్న వచ్చిన మన పల్లెవారైనా వీటి ఫలం అనుభవించినవారే.

నా ఉద్యోగకాలంలో ఆ కాపాడే పని ఇట్లా జరిగేది. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా జనం నడిచిపోతారు. ఉగాదికి కన్నడ దేశం నుంచి మల్లన్న భక్తులు వేలాదిగా వస్తారు. వారు రాకముందే, పుష్యమాఘ మాసాలలో కూలీలను పెట్టి దారి బాగుచేయించేవారు. బోద కోయడం, పడిన చెట్లు తీయడం, దొర్లిన బండలను గడ్డపారలతో మళ్ళీ కూర్చడం, అగ్గి పాకకుండా గీతలు కొట్టడం, నీళ్ళు మోయడం. సుమారు రెండు నెలల పని. ఆ తరువాత పదినెలలు వారెవరో, మేమెవరమో. గూడెంవాళ్ళు, చుట్టుపక్కల పల్లెలవాళ్ళు సంగటిముద్ద, ఊరిబిండి మూటగట్టుకొని వచ్చేవారు. వారి పేర్లు మస్టరు రోలులో వ్రాయడం, పక్కన వేలిముద్ర వేయించడం, బిల్లు కట్టడం నా పని.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. 1970ల చివర ఒక ఏడు బిల్లు మంజూరైన మొత్తానికి కొన్ని రూపాయలు మించిపోయింది. మార్చి 31 దగ్గరపడింది. సవరణ అంచనా పంపితే సొమ్ము ఆ ఏటికి మురిగిపోతుంది, అందరి కూలీ ఆగిపోతుంది. నేను తెలివిగా పనిచేసినాననుకొని, జాబితా అడుగున ఉన్న నలుగురికి చెరి అరపూట తగ్గించి లెక్క సరిపెట్టినాను. ఆ నలుగురిలో నీళ్ళు మోసిన ఒక ముసలమ్మ ఉండెను. ఆమె తన గూడెం నుంచి నడిచి వచ్చి, తాను పనిచేసిన పూటలను వేళ్ళమీద లెక్కబెట్టి అడిగింది. ఆమె లెక్కే సరియైనది. నేను రిజిష్టరు తెరిచి ఆమె వేలిముద్ర ఆమెకే చూపించినాను. వచ్చే వారం చూద్దామన్నాను. ఆమె మరి రాలేదు. నేనూ కబురు పంపలేదు. తగ్గించిన సొమ్ము ఎంతో నాకు నేటికీ తెలుసు. ఒక పూట భోజనానికి చాలని సొమ్ము. నా జేబులో నుంచి ఇవ్వవచ్చునని ఆనాడు నాకు తోచలేదు.

రిటైరైన తరువాత 2009లో నేనూ నా భార్యా ఆ దారిన శ్రీశైలం నడిచినాము. ముప్పై ఏండ్లు కాగితం మీద చూసిన దారిని మొదటిసారి పూర్తిగా కాళ్ళతో చూసినాను. భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కేటప్పుడు ఆమెకు మోకాళ్ళు పట్టుకున్నవి. ఒక మెట్టుమీద కూర్చున్నాము. నడుమ అరిగి, నున్నబడిన బండ. దాని పక్కది కొత్తగా పాతినది, ఇంకా గరుకుగానే ఉన్నది. పాతది ఏ రాజు వేయించినదో శాసనం చెబుతుంది. కొత్తది ఎవరు పాతినారో చెప్పవలసిన కాగితం ఒకప్పుడు నా బీరువాలో ఉండెను. గడువు తీరిన రికార్డు కనుక నియమం ప్రకారం దానిని తగులబెట్టించిన ఉత్తర్వు మీద చిన్న సంతకం నాదే. ఆ ముసలమ్మ పేరు దానితోనే పోయింది. నేను ఎంత తలచుకున్నా జ్ఞాపకం రాలేదు. అరపూట కూలీ గుర్తున్నది, మనిషి పేరు గుర్తు లేదు. ఆ మెట్టుమీద కూర్చొని నేను పడిన సిగ్గు పదవిలో ఉన్నప్పుడు ఎన్నడూ పడలేదు.

వేమారెడ్డి పుణ్యాత్ముడు, సందేహం లేదు. రాజ్యం నిలబెట్టుకొనుటకే ఊపిరాడని రోజులలో, తన రాజధానికి దూరంగా ఉన్న అడవిలో ముక్కూ మొగమూ తెలియని యాత్రికుల కాళ్ళ గురించి ఆలోచించినాడు. అది సామాన్యమైన గుణం కాదు. ఆయన ఆలోచించినాడు కనుకనే బండ లేచింది. కానీ బండను ఎత్తిన చేతులు వేరు. ఆ రెండూ కలిస్తేనే మెట్టు. మనకు ప్రతినెలా ఒకటవ తేదీకి పెన్షను వస్తున్నది. డి.ఏ. ఆలస్యమైతే అర్జీలు పెడుతున్నాము, పెట్టవలసినదే. మన ఫైళ్ళలో రెండేసి నెలలు పనిచేసి పోయినవారికి ఏ ఒకటవ తేదీ లేదు.

అప్పటి నుంచి ప్రతి మాఘమాసంలో, ఆరోగ్యం సహకరించినంతవరకు, వెంకటాపురం దాకా పోయి దారి బాగుచేసేవారికి ఒక పూట భోజనం పెట్టిస్తున్నాను. ఇది దానం కాదు, బాకీ తీర్చడం. అది కూడా తీరదని తెలుసు. పోయినప్పుడల్లా ఒక చిన్న నోటుబుక్కులో వారి పేర్లు, ఊర్లు వ్రాసుకొని వస్తున్నాను. ఈ పుస్తకానికి గడువు లేదు. నా తదనంతరం దానిని పారవేయవద్దని పిల్లలకు చెప్పినాను.

శ్రీశైలానికో, అహోబిలానికో పోయే సభ్యులు ఈసారి బస్సు దిగినాక వీలుంటే ఆ పాతమెట్లు నాలుగైనా ఎక్కి చూడవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.