నలువదియేడేండ్ల యంత్రము

వస్తువు పాతబడినపుడు దానిని మూలకు నెట్టి క్రొత్తదానిని కొనుట లోకము తీరు. పాతదానినే విప్పి, అరగిన భాగమేదో కనుగొని, అంతకంటె మేలైన భాగమును స్వహస్తముతో చేసి అమర్చువారు అరుదు. న్యూజిలాండు దేశీయుడగు బర్ట్ మన్రో అట్టివాడు. ఒకే మోటారు సైకిలును ఆతడు నాలుగు దశాబ్దములకు పైగా దిద్దుచు వచ్చెను.

మన్రో 1899 మార్చి 25వ తేదీన ఆ దేశపు దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్ పట్టణమున జన్మించెను. కవలగా పుట్టిన చెల్లెలు పురిటిలోనే మరణించెను. ఈ బిడ్డయు రెండేండ్లకు మించి బ్రతుకడని వైద్యులు తలిదండ్రులకు చెప్పిరి. ఆ బిడ్డయే డెబ్బదియెనిమిదేండ్లు జీవించెను.

1920లో ఆతడు ఇండియన్ స్కౌట్ అను మోటారు సైకిలును కొనెను. పేరు ఇండియన్ అయినను అది అమెరికాలో తయారైనదే. దాని ఇంజను 600 ఘనపు సెంటీమీటర్లది. మిక్కిలి వేగము గంటకు 55 మైళ్లు. ఆ వేగము చాలక 1926లో మన్రో దానిని మార్చుటకు పూనుకొనెను.

చేత ధనము లేదు. పగలు మోటారు సైకిళ్లను అమ్ముట, రాత్రి తన యంత్రముతో కుస్తీ పట్టుట ఆతని దినచర్య. పాత డబ్బాలలో లోహమును పోతపోసి పిస్టన్లు చేసికొనెను. ట్రాక్టరు ఇరుసును చెక్కి కనెక్టింగు రాడ్డులు తీర్చెను. చక్రపు పుల్లయే ఆతనికి కొలతబద్ద. తొలుత సిలిండరు ప్రక్కన నున్న వాల్వులను పైకి మార్చెను. అందుచే గాలియు ఇంధనమును సులువుగా లోనికి ప్రవేశించి, శక్తి హెచ్చెను. శక్తి హెచ్చినకొలది భాగములు విరిగెను. విరిగినవానిని ఆతడు పారవేయలేదు. వేగమను దేవునికి నైవేద్యములని పేరుపెట్టి ఒక అరలో వరుసగా పేర్చెను. ఏ మార్పు ఎందుచేత విఫలమైనదో ఆ అర చెప్పుచుండెను.

ఈ దీక్షకు ఆతడు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. సంసారము విచ్ఛిన్నమయ్యెను. ఉద్యోగమును విడిచి, చిన్న గ్యారేజీనే ఇల్లుగా చేసికొని, ఆ యంత్రము ప్రక్కనే నిద్రించెను. అరువది ఏండ్లు సమీపించునప్పటికి గుండెనొప్పియు తోడయ్యెను.

అమెరికాలోని యూటా రాష్ట్రమున బానెవిల్ అను ఉప్పుమైదానము కలదు. శీతకాలమున అందు నీరు నిలుచును. వేసవిలో అది ఎండి గట్టిపడినపుడు, ఆగస్టు నెలలో వేగపుపోటీలు జరుగును. న్యూజిలాండునకు అది శీతకాలము. కనుక మన్రో తన వేసవిలో ఊరి చేరువనున్న ఒరెటి సముద్రతీరమున పరీక్షించి, పై పోటీ నాటికి యంత్రమును సిద్ధపరచుకొనవలసియుండెను. మరియొక చిక్కు కలదు. ఉప్పుమైదానము సముద్రమట్టమునకు సుమారు 1,280 మీటర్ల ఎత్తున నున్నది. అచట గాలి పలుచన. తీరమున కుదిరిన ఇంధనపు పాలు అచట ఎక్కువగును. దానిని తగ్గించినగాని ఇంజను సరిగా నడువదు. ఋతువును, స్థలమును ఎరిగి యంత్రమును శ్రుతి చేయుట వీణను శ్రుతి చేయుట వంటిదే.

1962లో, తన అరువదిమూడవ యేట, ఆతడు 883 ఘనపు సెంటీమీటర్ల తరగతిలో గంటకు 178.95 మైళ్ల వేగముతో ప్రపంచ రికార్డు నెలకొల్పెను. 1967లో, అరువదియెనిమిదవ యేట, వేయి ఘనపు సెంటీమీటర్లకు లోబడిన తరగతిలో 183.59 మైళ్ల రికార్డు సాధించెను. అప్పటికి యంత్రము వయస్సు నలువదియేడేండ్లు. ఇంజను 950 ఘనపు సెంటీమీటర్లకు పెరిగినది. 1978 జనవరి 6వ తేదీన మన్రో కన్నుమూసెను.

కథ అంతటితో ముగియలేదు. రికార్డు కొరకు మైదానమున ఇరువైపులకును నడిపి, రెండు వేగముల సగటు తీయుదురు. 1967లో ఆతని వేగములు 184.710, 183.463 మైళ్లు. వాని సగటు 184.087 కావలెను. కాని నమోదైనది 183.59! లెక్కలోని ఈ తప్పును ఆతని కుమారుడు గమనించి తెలుపగా, 2014లో రికార్డును సవరించిరి. అది పరుగు జరిగిన నలువదియేడేండ్లకు.

పెరిగినది అరమైలు మాత్రమే. అయినను అది స్వల్పము కాదు. ఆ పాత యంత్రమునుండి ఒక్కొక్క మైలును రాబట్టుటకు మన్రో ఎన్ని రాత్రులు మేల్కొనెనో, ఎన్ని పిస్టన్లు పగిలెనో ఆ అర ఎరుగును. విద్యార్థులు తప్పిన లెక్కను చెరిపివేయుటకు తొందరపడుదురు. దానిని ఒక అరలో పదిలపరచి మరల చూచినవాడే మన్రో.