సవరల గురువు – గిడుగు రామమూర్తి పంతులు

వంశధారానది కళింగపట్నం వద్ద సముద్రంలో సంగమిస్తుంది. ఆ నది వెంట ఎగువకు పోయినచో శ్రీముఖలింగ క్షేత్రం కనబడుతుంది. ఆ క్షేత్రానికి సమీపాన ఉన్న పర్వతాలపేట గ్రామంలో 1863 ఆగస్టు 29వ తేదీన గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించారు. తండ్రి వీర్రాజుగారు, తల్లి వేంకమ్మగారు.

రామమూర్తిగారికి పన్నెండవ యేట పితృవియోగం కలిగింది. విజయనగరంలో బంధువుల యింట ఉండి, మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారు అచ్చట వారి సహాధ్యాయి. 1880లో రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైనారు. కుటుంబభారం వహిస్తూనే స్వయంకృషితో బి.ఏ. పట్టం పొందారు.

పర్లాకిమిడి పరిసరాలలోని కొండలపై సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు; అది ముండా కుటుంబానికి చెందినది. కొండ దిగి వచ్చిన సవరకు సంతలో ధర తెలియదు. కచేరీలో తన మొర వినిపించుకొనే దారి లేదు. ఆ కాలంలో కళింగపట్నం వంటి రేవులనుండి ఓడలెక్కి పొట్టకూటికై రంగూను వెళ్ళిన తెలుగువారు పరాయిభాషల నడుమ ఎంత ఇబ్బంది పడి ఉంటారో ఊహించుకొనవచ్చును. సవరలకు ఆ ఇబ్బంది తమ కొండల క్రిందనే ఎదురయినది.

వీరికి విద్య నేర్పవలెనని రామమూర్తిగారు సంకల్పించారు. కాని ఏ భాషలో నేర్పవలెను? తెలియని భాషలో చెప్పిన పాఠం చెవికి సోకునే గాని మనసుకు పట్టదు. కనుక తామే ముందుగా శిష్యులైనారు. తెలుగు వచ్చిన ఒక సవరను తమ యింటనే ఉంచుకొని అతనివద్ద భాష నేర్చుకొన్నారు. కొండలెక్కి గూడేలకు పోయి, సవరల మాటలనూ, పాటలనూ, కథలనూ శ్రద్ధగా విని వ్రాసుకొన్నారు. అటుపిమ్మట సవరభాషలో వాచకాలు రచించారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర బాలురకు వారి భాషలోనే చదువు చెప్పించారు.

ఈ సేవకు వారు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. మన్యంలో తిరుగుతూ ఉండగా విషజ్వరం సోకింది. దానికి వాడిన క్వినైను మందువల్ల వినికిడి శక్తి పోయింది. చెవితో విని భాష నేర్చుకొనేవారికి ఇంతకు మించిన నష్టమేమున్నది? అయినను పంతులుగారు పని విడువలేదు. సుమారు ముప్పది ఐదేండ్ల పరిశ్రమ ఫలించి, వారి సవరభాషా వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ముద్రించింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. ప్రభుత్వం 1913లోనే వారికి రావు బహదూరు బిరుదమిచ్చి గౌరవించింది.

సవరల బడిలో గ్రహించిన సత్యమే తెలుగు బడికీ వర్తిస్తుందని పంతులుగారికి తోచింది. 1907లో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన యేట్సుదొర, తెలుగువారు మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత భేదమెందుకని ప్రశ్నించాడు. నాటినుండి పంతులుగారు వాడుకభాషకై దీక్ష వహించారు. 1911లో ఉద్యోగం విరమించి, ఊరూరా తిరిగి ఉపన్యసించారు. పండితులు తీవ్రంగా ఎదిరించారు. పంతులుగారు కోపంతో గాక, ప్రాచీన గ్రంథాలనుండి వేలకొలది ప్రయోగాలు చూపి సమాధానం చెప్పారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను కూడా నడిపారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, ఐదు దశాబ్దాలకు పైగా నివసించిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22వ తేదీన పరమపదించారు.

నేడు వారి జన్మదినాన్ని తెలుగు భాషాదినోత్సవంగా జరుపుకొంటున్నాము. తెలుగువారు ఆ దినాన సవరలను కూడా స్మరించుట ఉచితం. ఇతరులకు బోధింపదలచినవాడు మొదట వారివద్ద నేర్చుకొనవలెనన్న పాఠం పంతులుగారికి లభించినది ఆ కొండలపైననే.