ఫిడేలు గురువు పాడ్రిగ్ ఓకీఫు

ఫిడేలు నేర్చుకొన నారంభించిన బాలునకు మొదటి నెల మిక్కిలి కష్టమైనది. వీణకు వలె ఆ వాద్యమునకు మెట్లు లేవు. వ్రేలు నూలుపోగంత తప్పినను స్వరము చెడును. కమాను కొంచెము వంకరగా నడచినను తీగ కీచుమని యేడ్చును. ఇంటివారు చెవులు మూసికొందురు, ఇరుగుపొరుగువారు నవ్వుదురు. అందుచేత ఎందరో బాలురు నెల తిరుగక మునుపే వాద్యమును పెట్టెలో నుంచి మూత వేయుదురు. అట్టి క్రొత్తవారిని చేరదీసి, ఇంచుమించు నలువది సంవత్సరములు ఇంటింటికి నడచిపోయి, ఫిడేలు నేర్పిన యొక ఉపాధ్యాయుని చరిత్రమును ఇందు సంగ్రహముగా వ్రాయుచున్నాను. ఇతడు ఐర్లండు దేశీయుడు. పేరు పాడ్రిగ్ ఓకీఫు. ఆ దేశపు జానపద సంగీతము నభ్యసించువారిలో ఇతని పేరు వినని వారరుదు.

ఈ వాద్యము మనకు క్రొత్తది కాదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893-1964) విజయనగరమున వాయించి లోకమును మెప్పించిన వాద్యమే ఇది. మన విద్వాంసులు నేలపై కూర్చుండి, వాద్యపు తలను కుడిపాదము మీద ఆనించి వాయింతురు. ఐర్లండువారు కుర్చీపై కూర్చుండి గడ్డము క్రిందనో రొమ్ముమీదనో దానిని ఆనించుకొందురు. మనము రాగమును విస్తరించి పాడుకొందుము; వారికి నృత్యమే ప్రధానము. కావున వారి వరుసలు చిన్నవి. సాధారణముగ ఒక్కొక్క వరుసకు రెండు భాగములు. ఒక్కొక్క భాగమునకు ఎనిమిది తాళఖండములు. ఒక్కొక్క భాగమును రెండేసి మారులు వాయించి, మరల మొదటికి వత్తురు. ఇంత చిన్నది గనుక క్రొత్తవానికి కంఠస్థము చేయుట సులభమే. దానిని అడుగు తడబడకుండ నాట్యమాడించునట్లు వాయించుటయే కష్టము.

ఐర్లండునకు నైరృతి దిక్కున కెర్రీ, కార్కు అను రెండు జిల్లాల సరిహద్దున ష్లీవ్ లూఖ్ర అను మెరకప్రదేశము కలదు. తుంగ మొలచిన కొండ యని ఆ పేరునకర్థము. అచ్చట నేల చిత్తడి, వానలు మెండు, పొలములు చిన్నవి. ధనము లేని ఆ సీమకు పాటయు పద్యమును కొదువలేదు. పదునెనిమిదవ శతాబ్దమున ఐరిషు భాషలో ప్రసిద్ధి కెక్కిన కవి ఓవెన్ రూవ ఓ సూలివాన్ (1748-1784) ఆ సీమవాడే. అతడును కొంతకాలము బడిపంతులుగా నుండెను. అచ్చటి జనులు రాత్రివేళ నొకరి యింట గుమిగూడి, వంటయింటి రాతినేలమీద జంటలు జంటలుగా నృత్యము చేయుచుండిరి. పోల్కా, స్లైడు అను చురుకైన వరుసలు ఆ సీమకు ప్రత్యేకమైనవి. ఆ నృత్యమునకు కావలసినది ఒక ఫిడేలు, ఒక కుర్చీ, రాత్రి యంతయు అలయని చేయి.

1887 సంవత్సరము అక్టోబరు నెలలో గ్లౌంటాన్ అను గ్రామమున ఓకీఫు జన్మించెను. అది కాసిల్ ఐలండు పట్టణమునకు సమీపమున నున్నది. తండ్రి ఆ గ్రామపు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. తల్లి సంగీతజ్ఞుల యింటి ఆడపడుచు. బాలుడు కొంతకాలము తల్లి పుట్టింట పెరిగెను. అచ్చట ఆమె సోదరుడు, అనగా ఇతని మేనమామ, ఫిడేలు వాయించువాడు. మేనమామ ఒడిలో వినిన వరుసలే ఈ బాలునకు మొదటి పాఠములయ్యెను. తండ్రివలన పలకయు బలపమును, తల్లివైపువారివలన తీగయు కమానును ఇతనికి దాయభాగముగా వచ్చినవని చెప్పవచ్చును. ఈ రెండు విద్యలును ఇతని జీవితమున తుదవరకు పెనగులాడుచునే యుండెను.

ఓకీఫు పెద్దవాడై తండ్రివలెనే ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించెను. 1915 సంవత్సరమున తండ్రి మరణింపగా అదే పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడయ్యెను. ఆ కాలమున ఐర్లండులోని ప్రాథమిక పాఠశాలలు చాలవరకు ఆయా గ్రామముల మతాచార్యుల యాజమాన్యము క్రింద నుండెడివి. హాజరుపట్టీ, వేళ, తనిఖీ మొదలగు నియమములు కఠినముగా నుండెడివి. ఇచట దాపరికము లేకుండ చెప్పవలసిన విషయమొకటి కలదు. ఓకీఫునకు ఆ నియమములు పొసగలేదు. వేళకు వచ్చుట యతని స్వభావము కాదు. మద్యపానమను వ్యసనమును అతని నంటుకొనెను. తుదకు 1920 సంవత్సరమున అతనిని ఉద్యోగము నుండి తొలగించిరి. తండ్రి యేలిన పాఠశాల, తన ఇంటికి దాపుననే యున్న పాఠశాల, అతనికి పరాయిదయ్యెను. ఉపాధ్యాయునికి ఇంతకంటె అవమానము లేదు. అయినను అధికారులది అన్యాయమని నేను వ్రాయజాలను. పసిపిల్లల కాలము ఉపాధ్యాయునిది కాదు, అది పిల్లలదే.

ముప్పది మూడవ యేట అతనికి జీతము పోయెను, గౌరవము పోయెను. దేశమున అప్పుడు స్వాతంత్ర్యయుద్ధము జరుగుచుండెను. పిదప అంతర్యుద్ధము వచ్చెను. ఆ సీమలోని యువకులనేకులు అమెరికాకును ఇంగ్లండుకును వలసపోవుచుండిరి. ఓకీఫు పోలేదు. ఫిడేలు నేర్పువాడై తన సీమలోనే తిరుగ నారంభించెను. అట్టి సంచార గురువులు ఆ ప్రాంతమున అతనికి పూర్వమును కలరు. అతని సమకాలికుడైన టామ్ బిల్లీ మర్ఫీ అనునాతడు (1879-1944) చూపును నడకయు చెడినవాడై, గాడిద నెక్కి యూరూరు తిరిగి పాఠములు చెప్పుచుండెను. ఓకీఫు మాత్రము కాలినడకనే తిరిగెను. కొండదారులు, బురదదారులు, వాన, చీకటి అను భేదము లేక వారమున కొక తూరి ఒక్కొక్క యింటికి పోవుచుండెను.

పాఠము వంటయింటిలోనే జరుగుచుండెను. గురువు బల్లయొద్ద కూర్చుండి, ఒక కాగితము తీసికొని, ఆ దినమునకు తగిన వరుసను తన జ్ఞాపకమునుండి వ్రాయును. పిదప వాయించి వినిపించును. శిష్యుడు ఆ కాగితమును ముందుంచుకొని మరుసటివారము వరకు సాధకము చేయును. ఇందులో ఓకీఫు కనిపెట్టి స్థిరపరచిన పద్ధతి మిక్కిలి గమనింపదగినది.

పాశ్చాత్యుల స్వరలిపి యందు ఐదు గీతలు గీసి, ఆ గీతలమీదను వాని నడుమనున్న ఖాళీలయందును చుక్కలుంచుదురు. ఏ చుక్క ఏ స్వరమో మొదట కంఠస్థము చేయవలెను. ఆ స్వరము ఏ తీగపై ఎచ్చట నున్నదో పిదప తెలిసికొనవలెను. పగలంతయు పొలమున పనిచేసి వచ్చిన బాలునకు ఇది రెండింతల బరువు. ఓకీఫు ఆ స్వరలిపి నెరిగినవాడే. కాని క్రొత్తవారి కొరకు దానిని ప్రక్కకు పెట్టెను. ఐదు గీతలను మాత్రము ఉంచెను. ఐదు గీతల నడుమ ఖాళీలు నాలుగు. ఫిడేలునకు తీగలును నాలుగే. కావున ఒక్కొక్క ఖాళీని ఒక్కొక్క తీగకు గుర్తుగా నేర్పరచెను. ఆ ఖాళీలో అంకెలు వ్రాసెను. సున్న యున్నచో వ్రేలు పెట్టక తీగను ఊరక లాగవలెను. ఒకటి యున్నచో చూపుడువ్రేలు, రెండున్నచో నడిమివ్రేలు, మూడున్నచో ఉంగరపువ్రేలు, నాలుగున్నచో చిటికెనవ్రేలు. ఇంతే. స్వరముల పేర్లు తెలియని బాలుడును అంకెలు తెలిసినచో చాలును. మొదటి దినముననే వ్రేలు ఎచ్చట పెట్టవలెనో కాగితమే చెప్పును. అకార్డియను అను తిత్తివాద్యము నేర్చుకొనువారికి వేరొక విధమైన అంకెల పద్ధతిని అతడే కల్పించెను.

ఈ పద్ధతిలో నున్న తెలివి ఎట్టిదనగా, క్రొత్తవానికి మొదట పుట్టు సందేహము ఇది ఏ స్వరమనునది కాదు. నా వ్రేలు ఎచ్చట నుంచవలెననునదే. గురువు ఆ ప్రశ్నకే సమాధానము వ్రాసి యిచ్చెను. అయితే అంకె సర్వమును చెప్పజాలదు. వ్రేలు సరియైన చోట పడినదో లేదో చెవియే చెప్పవలెను. ఒక తీగపై చిటికెనవ్రేలు ఉంచిన వచ్చు స్వరమును, దాని ప్రక్కనున్న సన్నతీగను ఊరక లాగిన వచ్చు స్వరమును ఒక్కటే. క్రొత్తవాడు ఈ రెంటిని పోల్చుకొనుచు తన తప్పును తానే దిద్దుకొనవచ్చును. కమాను విసురు, తూగు, అడుగునకు ఊపునిచ్చు నొక్కు అనునవి ఏ కాగితమునను పట్టవు. వానిని గురువు వాయించుచుండగా దగ్గర కూర్చుండి వినియే పట్టుకొనవలెను. కావున ఓకీఫు పాఠమున కాగితము సగము, చెవి సగము. కాగితము మరపునకు మందు. చెవి ప్రాణమునకు మూలము.

ఇతని శిష్యులు పెక్కుమంది. వారిలో డెనిస్ మర్ఫీ (1910-1974), అతని చెల్లెలు జూలియా క్లిఫర్డు (1914-1997) అనువారు మిక్కిలి ఖ్యాతి గాంచిరి. వారు లిషీన్ అను పల్లెలోని యొక పేదకుటుంబమువారు. పూర్వులు బట్టలు నేసిన కారణమున వారి యింటికి నేతవారను పేరు నిలిచెను. డెనిస్ న్యూయార్కునకును, జూలియా ఇంగ్లండునకును బ్రతుకుతెరువు కొరకు పోయిరి. పాడీ క్రోనిన్ అను మరియొక శిష్యుడు అమెరికాలోని బోస్టను నగరము చేరెను. గురువు తన సీమను విడువలేదు గాని, అతడు వంటయింటి బల్లపై వ్రాసి యిచ్చిన వరుసలు సముద్రములు దాటిపోయెను. కూలిపని చేసికొనుచు పరదేశమున నున్నవారికి ఆ వరుసలే ఊరు, ఇల్లు, పొయ్యి అయ్యెను.

ఆ సంగీతము నశించుననుటకు కారణములు చాల యుండెను. వలసలచే గ్రామములు పలుచనయ్యెను. 1935 సంవత్సరమున బహిరంగ నృత్యశాలలకు అనుమతిపత్రము ఉండవలెనని ఐర్లండులో చట్టము చేయబడెను. దాని ప్రభావమున ఇండ్లలో జరుగు నృత్యములును తగ్గిపోయెను. క్రొత్త నృత్యశాలలలో క్రొత్త వాద్యబృందములు వచ్చెను. అట్టి దినములలో షేమస్ ఎన్నిస్ (1919-1982) అను సంగీతసేకర్త ఓకీఫును వెదకికొని వచ్చెను. 1940 తరువాతి దశకము చివర ఐరిషు రేడియో కొరకును, 1952 లో బి.బి.సి. కొరకును అతని వాద్యమును ముద్రించెను. పోల్కాలే గాక, శోకము నిండిన నిదానపు వరుసలను అతడు వాయించిన తీరు ఆ ముద్రణముల యందు నిలిచినది. 1977 లో గురువును ఆ ఇరువురు శిష్యులును వాయించినవి ఒక రికార్డుగా వెలువడెను. 1993 లో ఓకీఫు వాద్యమునకే ప్రత్యేకముగ నొకటి వెలువడెను.

ఓకీఫు వివాహము చేసికొనలేదు. తుదిదినములలో గ్లౌంటాన్ లోని పాతయింట ఒంటరిగా నుండెను. వ్యసనము అతనిని విడువలేదు. స్కార్టగ్లిన్ గ్రామములోని సారాయంగడి యందు వాయించుచు కాలము గడపిన సాయంకాలములు అనేకములు. సంపాదించినది నిలువలేదు. ఇట్టివానిని కొందరు హాస్యకథలలోని పాత్రగా చెప్పుకొని నవ్వుదురు. నా మనస్సు అందుకొప్పదు. ఆ త్రాగుడు లేకున్నచో ఇంకెందరు శిష్యులు, ఇంకెన్ని పుటలు ఉండెడివో! అతని గుణమునకు దోషము కారణము కాదు. దోషమున్నను గుణము నిలిచినది. బాలురు ఈ భేదమును మరువరాదు.

1963 సంవత్సరము ఫిబ్రవరి నెలలో, మిక్కిలి చలిగా నుండిన యొక శీతకాలమున, డెబ్బదియైదేండ్ల ప్రాయమున అతడు మరణించెను. అతడు విడిచిన యాస్తి యేమియు లేదనిరి. కాని ఆ సీమలోని ఇండ్లలో బల్లసొరుగులయందును పెట్టెలయందును అతని అంకెల పుటలు బయటపడసాగెను. మడతలుపడి, అంచులు నలిగి, పసుపుబారిన ఆ పుటలను శిష్యులు పారవేయక దాచుకొనిరి. తరువాత వానిని సేకరించి, సాధారణ స్వరలిపిలోనికి మార్చి అచ్చువేసిరి. 1987 లో డబ్లిను నగరమున నెలకొల్పబడిన ఐరిషు సంప్రదాయ సంగీత భాండాగారమునను అతని వ్రాతలు చేరినవి. స్కార్టగ్లిన్ గ్రామమున అతనికి స్మారకశిల్పము నిలిపిరి.

గ్లౌంటాన్ పాఠశాల హాజరుపట్టీ నుండి ఓకీఫు పేరు 1920 లో కొట్టివేయబడెను. అతని శిష్యుల పట్టీని మాత్రము ఎవ్వరును కొట్టివేయలేకపోయిరి. విద్యార్థులారా, మీలో ఎవరైనను ఫిడేలునో, మరి యే విద్యనో క్రొత్తగా నారంభించినచో తొందరపడకుడు. ఒక భాగమును వారమంతయు సాధకము చేయుడు. వాయించుటకు ముందు వినుడు. తల్లిదండ్రులారా, మొదటి నెల కీచుధ్వనిని ఓపికతో సహింపుడు. గురువు చేతివ్రాతతో నున్న కాగితమును చెత్తలో వేయకుడు. మా వంటి ఉపాధ్యాయులము నేర్చుకొనవలసినదియు కలదు. మనకు తెలిసినది ఎంత యని గాక, ఎదుటనున్న బాలుని వ్రేలు ఇప్పుడు ఎచ్చట నున్నది అని చూచి పాఠము వ్రాయవలెను. తన జీవితమును చక్కదిద్దుకొనలేకపోయిన యొక మనుష్యుడు ఈ యొక్క పనిని చక్కగా చేసెను. అందుచేతనే అతని వరుసలు నేటికిని క్రొత్తవారి వ్రేళ్లక్రింద పలుకుచున్నవి.